తేలినీలాపురంలో తుమ్మ మొదళ్ళు తవ్విన రోజు

పోయిన ఏడాది తేలినీలాపురం పక్షుల చెరువు దగ్గర సర్కారు తుమ్మ కొట్టడానికి వెళ్ళినప్పుడు, మొదలు నరికితే చాలదు, వేరు తీయాలి అన్నాను. సెలవురోజుల్లో ఇలాంటి పనులకు వెళ్ళే మా పలాస జట్టుకు పెద్ద అయిన లెక్కల మాస్టారు అందరి ముందూ నవ్వారు. "బావా, నువ్వు నీడలో కూకుని మంచినీళ్ళందించు" అన్నారు. ఆ మాట ఏడాదంతా నాతోనే ఉంది. ఈసారి నన్ను పిలవలేదు. అయినా ఆదివారం ఉదయం ఆరింటికి పలుగు భుజాన వేసుకుని పలాస బస్టాండుకు వెళ్ళాను.

ఆరున్నరకు జట్టుతోపాటే టెక్కలి బస్సెక్కాను. కండక్టరు మాస్టారి సంచి ముందు పెట్టనిచ్చి, నా పలుగును మాత్రం వెనక సీటు కిందకు తోయించాడు. తుఫానుకు తలలు తెగిన కొబ్బరిచెట్లు దారిలో ఇంకా అలాగే నిలబడి ఉన్నాయి. ఏడున్నరకు టెక్కలిలో దిగి ఇడ్లీ తిన్నాం. అక్కడినుంచి నౌపడా వైపు ఆటోలుంటాయి. వెళ్ళదలచినవారు ఎనిమిదిలోపే ఎక్కాలి, తర్వాత కాలు పెట్టే చోటుండదు.

చెరువుగట్టు ఎక్కగానే అందరం ఆగిపోయాం. నిరుడు నరికిన ప్రతి మొదలూ ఐదారు కొమ్మలు వేసి మనిషెత్తు పెరిగింది.

గేదెలు తోలుకొచ్చిన పైడమ్మ అనే ముసలామె మమ్మల్ని చూసి నవ్వింది. "కొత్తిమీర కట్టనుకున్నారేటి బావూ, కోసి ఎల్లిపోనారు? మా ఆడపిల్లలు పురిటికొచ్చే యేళయింది. ఈ ముళ్ళల్లో మేతకెలా దిగుతాయి?"

ఏటా ఇక్కడికొచ్చి గుడ్లు పెట్టే గూడబాతులను, కొంగలను ఆ ఊళ్ళో అలాగే పిలుస్తారు. అవి రావడానికి నెల కూడా లేదు.

మాస్టారి జట్టు మళ్ళీ గొడ్డళ్ళే తీసింది. నేను ఒక మొదలు చుట్టూ మోకాలిలోతు తవ్వి, పక్కవేళ్ళు తెంపి, పలుగు దూర్చాను. నేను పనిచేసే జీడితోటలో ఎండిన మోడు తీసే పద్ధతే ఇది. వానకు నేల నానింది కాని, ఒక్కడి బరువు చాలలేదు. పైడమ్మ వచ్చి పలుగు మీద వాలింది.

"ఏటలా సూత్తన్నారు? పట్టండి!"

మాస్టారే ముందు వచ్చారు. ముగ్గురం వాలితే వేరు ఫట్టున లేచింది. ఆయన దాన్ని తిప్పి తిప్పి చూసి, "ఎక్కడ తవ్వాల బావా, గీసి సూపించు" అన్నారు. పక్క మొదలు చుట్టూ పలుగుతో గీత గీశాను.

ఊళ్ళోంచి ఇంకొన్ని పలుగులు తెచ్చుకుని అందరం తవ్వాం. మధ్యాహ్నం పైడమ్మ రాగిపిండితో కాచిన చోడి అంబలి పోసింది. నాలుగింటికి గట్టు ఈ చివరనుంచి తూము దాకా ఒక్క మొదలు లేదు. ఆ ఖాళీలో అప్పుడే నీళ్ళు మెరుస్తున్నాయి. జీడితోటలో ఇన్నేళ్ళు వంచిన నడుము ఆ రోజు పక్షులకు పనికొచ్చింది.

ఆరింటికి టెక్కలిలో పలాస బస్సెక్కాం. భావనపాడునుంచి ఎండుచేపలు తెస్తున్న ఒకామె మా బురద చూసి, "ఏటి బావూ, కాలవ తవ్వినారా?" అంది.

"పచ్చుల చెరువులో తుమ్మ పీకినాం. మా బావే మేస్త్రి" అన్నారు మాస్టారు, నన్ను చూపించి.

ఇంజను చప్పుడులో నాకు వినబడలేదన్నాను. మాస్టారు మళ్ళీ చెప్పారు, ఈసారి బస్సంతా వినేలా.