షమాల్‌లో వేడి నీటి బుగ్గ

ఆగస్టు నెలలో, ఖతార్‌లో, వేడి నీళ్ల కోసం వంద కిలోమీటర్లు వెళ్లిన తెలివైనవాణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటాను. ఒక్కణ్ణే వెళ్లినా బాగుండేది. లచ్చన్నను కూడా లాక్కెళ్లాను.

లచ్చన్న మా కంపెనీలో మేస్త్రీ, జగిత్యాల వైపు మనిషి. సిమెంటు ఒంటికి పడక అతని అరచేతులు పగిలి పుళ్లయ్యాయి. వచ్చే గురువారం డాక్టరు చూసి మానలేదంటే ఇంటికి టికెట్ చేతిలో పెడతారు. ఆఫీసులో హాజరు రాసే నేను ఒడిశాలో, హిమాచల్‌లో వేడి బుగ్గల్లో మునిగొచ్చిన అనుభవశాలిని కదా, "గంధకం నీళ్లకి తగ్గని పుండుండదయ్యా" అని తేల్చేశాను. ఖతార్ ఉత్తర కొసనున్న మదీనత్ అల్ షమాల్ ఊరి దగ్గర వేడి నీళ్లు నిలువెత్తున ఎగసిపడుతున్న వీడియో నా ఫోన్‌లో ఉంది. ఇంకేం కావాలి?

శుక్రవారం ఉదయం ఆరున్నరకి అతను మెసైమీర్ లేబర్ క్యాంప్ నుంచి దోహాలోనే అల్ సద్‌లో ఉన్న నా గదికి వచ్చాడు. రెండు బస్సులు మారి తొమ్మిదిన్నరకి షమాల్‌లో దిగాం. దారిలో చూడ్డానికేముందని అడక్కండి. ఇసుక, కరెంటు స్తంభాలు, మళ్లీ ఇసుక. నేను తెచ్చిన ఉప్మా బస్సు ఏసీకి గడ్డకట్టింది. లచ్చన్న చెంచా కూడా వేళ్ల కొసలతోనే పట్టుకున్నాడు.

"తగ్గుతదంటవా సారు?"

"రాసిస్తాను."

అక్కణ్ణుంచి ఇరవై రియాళ్ల టాక్సీ. దింపింది ఒక ఖర్జూర తోట దగ్గర. బుగ్గ ఏదంటే కాపలా ఉన్న బీహారీ ముసలాయన ఇసుకలో పడున్న నల్ల పైపు చూపించి బోరు మోటారు వేశాడు. వీడియో తీసిన మహానుభావుడు ఆ పైపు మూతిని ఆకాశానికి ఎత్తి పట్టుకున్నాడన్నమాట! సిమెంటు తొట్టిలో పడుతున్న నీళ్లలో చేతులు పెట్టి లచ్చన్న "అవ్వా!" అని వెనక్కి లాక్కున్నాడు.

"ఓర్చుకో, పనిచేస్తోంది" అన్నాను, పెద్ద వైద్యుడిలాగా.

పది నిమిషాలకి నీళ్లు గోరువెచ్చనయ్యాయి. ఆ తర్వాత చల్లబడ్డాయి. ముసలాయన నవ్వాడు. "పైప్ ధూప్ మే పడా హై, సాబ్."

అంత పొడుగు పైపు ఎండలో పడుంటే మొదటి నీళ్లు కాలక ఏం చేస్తాయి? అదీ బుగ్గ. వీడియో తీసినవాణ్ణి, టాక్సీవాణ్ణి, నన్ను వరసబెట్టి తిట్టుకుని "యల్లా, పద" అన్నాను.

లచ్చన్న లేవలేదు. మోచేతుల దాకా తొట్టిలో ముంచి కళ్లు మూసుకున్నాడు.

"జర ఆగు సారు. మూడు నెలలాయె, చల్లటి నీళ్లు చేతికి తాకక. క్యాంప్‌ల నల్లా తిప్పితే మసిలే నీళ్లే. డ్యూటీ కాంగనె కడిగితే తోలు ఊడొస్తది."

నాకు సిగ్గేసింది. మిద్దె మీది ట్యాంకులు ఎండకి కాగుతాయని నాకు తెలియదా? రెండు పూటలా ఆ నీళ్లతోనే పాడవుతున్న చేతులకి నేను చెప్పిన మందు ఇంకా వేడి నీళ్లు!

షమాల్ బుగ్గ చూడాలనుకునేవాళ్లకి నా సలహా ఒకటే, మీ కుళాయి తిప్పుకోండి. నాలుగింటికి అల్ సద్‌లో దిగాక అతను మెసైమీర్ బస్సుకని కదిలితే ఆపి నా గదికి తీసుకెళ్లాను. ఇక్కడ ఫ్లాట్లలో అందరిలాగే నేనూ మే నుంచి గీజర్ స్విచ్ వెయ్యను. మిద్దె మీంచి వచ్చే నీళ్లు అందులో నిలవుండి గది ఏసీకి చల్లారతాయి.

గీజర్ నీళ్లొచ్చే ఎర్ర గుర్తు కుళాయి తిప్పి, "గురువారం దాకా రోజూ డ్యూటీ అయ్యాక ఇక్కడికే రా" అన్నాను.

లచ్చన్న ధార కింద చేతులు పెట్టాడు. కాసేపు నీళ్లకేసి, తర్వాత నాకేసి చూశాడు.

"గిది ఇంట్లనే వెట్టుకొని నన్ను గంత దూరం తీస్కవోయినవా సారు?"