గేటు దగ్గర కేంద్రం, రాష్ట్రం

సాయంత్రం కరీంనగర్ నుంచి బండి మీద ఇంటికి వస్తుంటే రైల్వే గేటు పడింది. పక్కనే సగం వంతెన. పట్టాల మీది ముక్క కేంద్రం వంతు, అది లేచింది. దాని మీదికి ఎక్కే దారి రాష్ట్రం వంతు, అది లేవలేదు.

నా వెనక కూర్చున్న మా బావ పక్క బండాయనతో మొదలుపెట్టాడు.

"ఢిల్లోళ్లు కట్టిండ్రన్నా, మనోళ్లే కడ్తలేరు."

"యాడికెళ్లి తెచ్చి కడ్తరు? రావాల్సిన పైసలు ఢిల్లీల్నే ఉన్నయ్."

నేనూ ఇంజను ఆపి ఓ మాట వేశాను. ఈలోగా రైలు పోయింది, గేటు లేచింది. మేం చూసుకోలేదు.

వెనక ఆటోలోంచి ఓ పెద్దామె తల బయటపెట్టింది. "సర్కార్లు వంతెన ఆపినయ్ సరే కొడుకా, మీరు తొవ్వెందుకు ఆపిండ్రు?"

తప్పు మా బావదా, పక్క బండాయనదా? మీరే చెప్పండి. నాది మాత్రం కాదు.