కంచంలో లేని పిన్ను

ఊళ్ళో ఎవరు ఎత్తయిన మేడ కట్టినా, దాని లిఫ్టుకు అందరికంటే ముందు భయపడేది ఆయనే. భయపడినందుకే ఆయనకు జీతం. లిఫ్టు ఇన్‌స్పెక్టరు ఉద్యోగమంటే మరి అంతే కదా! తాడు తెగుతుందేమో, బ్రేకు పట్టదేమో, తలుపు మూసుకోకముందే పెట్టె కదులుతుందేమో అని జనమంతా పడాల్సిన భయాన్ని ముందుగా ఒక్కడే పడి, సంతకం పెట్టి, ఇక నిశ్చింతగా ఎక్కండని చెప్పి రావాలి. చెప్పాక ఆయన మాత్రం మెట్ల మీదుగా దిగి వచ్చేవాడు. ఎంత ఎత్తు మేడయినా సరే. అలా ఆఫీసులో అసలు పేరు ఎప్పుడో మరుగున పడి, మెట్లాయన అనే పేరు స్థిరపడిపోయింది.

ఇంట్లోనూ అదే తంతు. గ్యాసు కట్టేశాక ఒకసారి, పడుకోబోయే ముందు ఒకసారి, పడుకున్నాక లేచి మరోసారి చూసేవాడు. స్కూటరు మీద జన్మలో కూర్చోలేదు. రెండు చక్రాల మీద నిలబడేది ఏదైనా పడిపోవడానికే పుట్టిందని ఆయన గట్టి నమ్మకం. ఇలాంటి మనిషికి దొరికిన భార్య, భయమంటే ఏ రంగులో ఉంటుందో తెలియని మనిషి. కొండమీది హాస్టలు స్కూల్లో టీచరు. ఆదివారాలు అక్కడి పిల్లలకు మధ్యాహ్నం క్లాసు చెప్పేది. ఆ పూట బస్సు ఉండదు గనక కారు తనే నడుపుకుంటూ ఘాట్ రోడ్డంతా ఎక్కి వెళ్ళేది. ఆవిడ తిరిగి వచ్చేదాకా మెట్లాయనకు ముద్ద దిగేది కాదు.

ఆ భయంతోనే ఆయన ఒక నియమం పెట్టాడు. కారు నడుపుతున్నప్పుడు ఆవిడ ఫోను ఎత్తకూడదు, ఆయన ఫోను చెయ్యకూడదు. ఆవిడ నవ్వినా, ఆ ఒక్క మాట మాత్రం ఏనాడూ జవదాటలేదు.

కారు పాతది. ఒకసారి మెకానిక్కు దగ్గరికి పంపితే చక్రం నట్లు బిగించకుండానే తిప్పి పంపాడు. వీధి చివర దాకా వచ్చేసరికి అది కనిపెట్టిన మెట్లాయన, మళ్ళీ ఎవరి చేతికీ బండి ఇవ్వనని ఒట్టు పెట్టుకున్నాడు. అప్పటినుంచి ఏ రిపేరయినా వాకిట్లోనే, తన చేత్తోనే.

ఈమధ్య బండి గతుకులో పడ్డప్పుడల్లా ముందువైపు నుంచి టకటకమని చప్పుడు మొదలైంది. స్టీరింగు కూడా కాస్త వదులుగా ఊగుతోంది. ఆయన కింద పడుకుని, చక్రాన్ని పట్టుకుని అటూ ఇటూ ఊపి చూశాడు. చక్రాన్ని మోసే కింది ఆర్ముల రబ్బరు బుష్షులు చితికిపోయాయి, షాక్ అబ్జార్బర్లు నూనె కారుతున్నాయి. స్టీరింగు తిప్పినప్పుడు చక్రాన్ని నెట్టే కడ్డీ చివరి జాయింటు, టై రాడ్ ఎండ్ అంటారే, అదీ రెండువైపులా అరిగిపోయింది. అన్నీ కొత్తవి కొనుక్కొచ్చాడు. షాక్ అబ్జార్బరు మాత్రం స్ప్రింగుతో సహా బిగించి అమ్మేదే తెచ్చాడు. నొక్కిపెట్టిన స్ప్రింగు విడివడితే మనిషి మొహం ఏమవుతుందో ఊహించుకోవడానికి ఆయనకు ఎక్కువసేపు పట్టలేదు మరి.

ఆదివారం పొద్దున్నే పని మొదలుపెట్టాడు. వెనక చక్రాలకు చెక్కదిమ్మలు అడ్డం పెట్టాడు. జాకీ ఎత్తి, దాన్ని నమ్మకుండా ఇనుప స్టాండ్లు పెట్టాడు, వాటినీ నమ్మకుండా విప్పిన చక్రాన్ని బండి కిందికి దొర్లించాడు. తుప్పుకు నూనె కొట్టాడు. సుత్తితో పక్కనుంచి కొడుతూ జాయింటును ఊడబెరికాడు. చేతులు నల్లబడ్డాయి, మోచెయ్యి దోక్కుపోయింది. అయినా లోపలెక్కడో హాయిగానే ఉంది. భయాన్ని చేత్తో పట్టుకుని పానాతో బిగించగలిగే అవకాశం మనిషికి ఎన్నిసార్లు వస్తుంది?

ఆయన పనికి ఒక పద్ధతి ఉంది. జ్ఞాపకాన్ని నమ్మడు. పక్కన పాత స్టీలు కంచం ఒకటి పెట్టుకుంటాడు. చక్రాల నట్లు వేరే డబ్బాలో వేసి, తక్కిన చిన్న సామానంతా ఆ కంచంలో ఉంచుతాడు. కంచంలో ఏదైనా ఉందంటే పని మిగిలిందని అర్థం, ఖాళీ అయిందంటే పని అయిపోయిందని. టై రాడ్ నట్టును ముందు చేత్తో తిప్పి వదిలేస్తాడు. అన్నీ చోటుకు చేరాక పెద్ద పానాతో బిగిస్తాడు. బిగించాకే నట్టు గాడిలోంచి కాటరు పిన్ను దూర్చి దాని కాళ్ళు వంచుతాడు. గుండ్రటి తల, రెండు కాళ్ళు ఉన్న చిన్న ఇనుప పిన్ను అది. నట్టు తిరిగి ఊడిపోకుండా కాపలా కాసేది అదే. ఆ పిన్ను కంచంలో ఉన్నంతసేపూ నట్టు బిగించలేదన్నమాట. ఆ కంచం జోలికి ఎవరూ రాకూడదని ఇంట్లో అందరికీ చెప్పాడు.

అందరికీ అంటే, అత్తగారికి తప్ప. ఆవిడ కొద్దిరోజులుంటానని కూతురింటికి వచ్చింది. అల్లుడు ఎదురుగా కూర్చున్నా, "అల్లుడుగారు కాఫీ తాగుతారేమో కనుక్కోవే" అని కూతురితో చెప్పే మనిషి. ఆయనా అంతే, "మీ అమ్మగారికి ఫ్యాను ఎక్కువైందేమో" అని భార్యతో అనేవాడు. ఇద్దరికీ ఒకరంటే ఒకరికి గౌరవం. ఆ గౌరవం అడ్డుపడి ఇన్నేళ్ళలో సూటిగా మాట్లాడుకున్నది లేదు. అంతకుముందు రోజే ఆవిడ వరండాలో వెతుక్కుంటూ, "నా కొప్పు పిన్ను ఎక్కడ జారిపోయిందో! ఈ కళ్ళకు కనపడి చస్తేగా!" అని గొణుక్కుంది. పేపరు చదువుకుంటున్న మెట్లాయన విన్నాడు, పేజీ తిప్పాడు.

కుడివైపు పూర్తయింది. ఎడమవైపు నట్టు చేత్తో తిప్పి, తక్కినవన్నీ బిగించి, కంచంలో పిన్ను ఒక్కటే మిగిలేసరికి లోపల ఫోను మోగింది. ఏదో అపార్టుమెంటులో లిఫ్టు రెండు అంతస్తుల మధ్య ఆగిపోయిందని వాచ్‌మన్ గోల పెడుతున్నాడు. ఏ స్విచ్చు ఎలా తిప్పాలో చెప్పి, లోపలివాళ్ళు క్షేమంగా బయటికి వచ్చారని విన్నాకే ఆయన వాకిట్లోకి వచ్చాడు.

కంచం ఖాళీగా ఉంది.

ఆయన బుర్రలో ఇంకా ఆ లిఫ్టే వేలాడుతోంది. ఖాళీ కంచం చూసి, ఓహో ఇదీ అయిపోయిందన్నమాట అనుకున్నాడు. చక్రం ఎక్కించాడు, జాకీ దించాడు. మామూలుగా అయితే ఇక్కడితో వదలడు. మళ్ళీ కింద దూరి ప్రతి నట్టు మీదా పానా పెట్టి చూస్తాడు. ఈసారీ బండి కింద పడుకోబోతుండగా భార్య చీర సర్దుకుంటూ గుమ్మంలోకి వచ్చింది. ప్రహరీ అవతల పక్కింటి నర్సు బట్టలారేస్తోంది.

"అయిందా? మళ్ళీ దూరుతున్నారెందుకు?"

"ఒక్కసారి చూసి..."

"చూశారుగా! చూడమ్మా నర్సూ, ఈయన పెళ్ళిలో మూడు ముళ్ళూ వేశాక కూడా ఊడతాయేమోనని లాగి చూశారు!"

నర్సు పకపకా నవ్వింది. మెట్లాయన మొహం ఎర్రబడింది. అందరి ముందూ మరీ అంత పిరికివాడిలా కనబడటం ఎందుకనుకున్నాడో ఏమో, చేతులు దులుపుకుని లేచాడు. "అయిపోయింది. వెళ్ళు," అన్నాడు. తనే ఎక్కి వీధిలో నెమ్మదిగా ఒక చుట్టు తిప్పి తెచ్చాడు. చప్పుడు లేదు, ఊగడం లేదు. భార్య మెచ్చుకోలుగా తలూపి, బండెక్కి వెళ్ళిపోయింది.

స్నానం చేసి వరండాలో కూర్చున్నాడు. కాసేపటికి అత్తగారు మంచినీళ్ళు తెచ్చి, మాట్లాడకుండా, పక్కనున్న స్టూలు మీద పెట్టడానికి వంగింది. ఆవిడ కొప్పు సరిగ్గా ఆయన కళ్ళ ముందుకు వచ్చింది. నెరిసిన జుట్టులో కొత్త ఇనుము మెరిసింది. గుండ్రటి తల.

ఆయన దిగ్గున లేచాడు. "అత్తయ్యగారూ, ఆ పిన్ను..."

అల్లుడు సూటిగా పలకరించినందుకు ఆవిడ సిగ్గుపడిపోయింది. "నిన్న నా గొణుగుడు విన్నారు కదూ! నోటితో ఇవ్వలేక కంచంలో పెట్టి ఉంచారు. నాకు తెలీదనుకున్నారా బాబూ? చక్కగా పట్టుకుంది, జారట్లేదు."

"అది బండిదండీ."

"ఏ బండిది?"

"మీ అమ్మాయి వెళ్ళిన బండిది."

ఆవిడకు మొదట అర్థం కాలేదు. అల్లుడి మొహం చూశాక అర్థమైంది. గబుక్కున పిన్ను లాగేసరికి కొప్పు ఊడి జుట్టంతా భుజాల మీద పడింది. ఆయన పిన్ను అందుకుని గుప్పిట్లో బిగించాడు. పిన్ను ఇక్కడ ఉందంటే నట్టు బిగించలేదు. చేతి బిగువు మీద ఉన్న నట్టు గతుకు గతుక్కీ కొంచెం కొంచెం విప్పుకుంటుంది. పూర్తిగా ఊడితే స్టీరింగు ఎటు తిప్పినా ఎడమ చక్రం దానిష్టం వచ్చిన వైపు పోతుంది. రోడ్డుకు ఎడమవైపంతా లోయ.

ఫోను చేశాడు. మోగింది, ఎత్తలేదు. మళ్ళీ చేశాడు, ఎత్తలేదు. ఎందుకు ఎత్తుతుంది? నియమం పెట్టింది ఎవరు? ఆవిడ ఒక్కసారయినా తన మాట వినకపోతే బాగుండునని ఆయన కోరుకున్న రోజు అదొక్కటే.

పానాల సంచి పట్టుకుని ప్రహరీ దగ్గరికి పరిగెత్తాడు. "చెల్లెమ్మా, స్కూటరు తియ్యి. ఘాట్ రోడ్డుకి."

"మీరు స్కూటరెక్కుతారా అన్నయ్యగారూ?" అని నవ్వబోయిన నర్సు, ఆయన మొహం చూసి నవ్వు మింగేసింది. తాళం తెచ్చింది.

ఆ ప్రయాణం గురించి ఆయన తర్వాత ఎవరికీ చెప్పలేదు. ఒక చేత్తో సీటు వెనక కడ్డీ, ఒక చేతిలో పిన్ను. మలుపు మలుపుకీ ఒళ్ళు ఒకవైపు ఒరిగిపోతుంటే, "ఇంకా వేగంగా పోనివ్వమ్మా, ఇంకా," అంటున్న గొంతు తనదేనా అని ఆయనకే అనుమానం వచ్చింది. ప్రతి మలుపులోనూ పిట్టగోడ అవతలికి చూశాడు. చూడాలని లేదు, చూడకుండా ఉండలేడు. ఒకచోట లారీ ఆగి ఉంది. ఇద్దరు మనుషులు అంచున నిలబడి లోయలోకి వంగి చూస్తున్నారు. ఆయన పై ప్రాణాలు పైనే పోయాయి. నర్సు బండి ఆపకుండానే, "ఏమైంది?" అని అరిచింది.

"టార్పాలిన్ ఎగిరి పడిందమ్మా!" అన్నారు వాళ్ళు.

ఇంకా పైకి వెళ్ళాక, రోడ్డు కాస్త వెడల్పయి లోయవైపు మట్టినేల ఉన్నచోట కారు కనిపించింది. నాలుగు చక్రాల మీద, నిక్షేపంగా. ఊపిరి పీల్చుకోబోయాడు. అంతలో కారు కదిలింది. వెనక్కి తిరగడానికి ముక్కు లోయవైపు పెట్టింది.

ఆవిడ ఫోను ఎత్తలేదు కానీ, అది మోగడమే ఆవిడను భయపెట్టింది. నియమం పెట్టిన మనిషే నియమం తప్పి మళ్ళీ మళ్ళీ చేస్తున్నాడంటే అమ్మకేదో అయిందనుకుంది. చోటు చూసి ఆపింది. తిరిగి ఫోను చేస్తే, స్కూటరు గాలిలో ఆయనకు వినపడలేదు. ఇక ఆగలేక ఇంటికి తిరుగుముఖం పట్టింది. తిరగాలంటే స్టీరింగు చివరిదాకా తిప్పాలి.

"తిప్పకు! తిప్పకే!"

స్కూటరు ఆగకముందే ఆయన దూకాడు, మోకాళ్ళ మీద పడ్డాడు, లేచి కారుకూ లోయకూ మధ్య చేతులు చాపి నిలబడ్డాడు. ఆవిడ బ్రేకు తొక్కింది. బంపరు ఆయన మోకాలికి తగిలి ఆగింది.

"అమ్మకేమైంది?" అంటూ దిగింది.

ఆయన చక్రాల కింద రాళ్ళు పెట్టి, మట్టిలో వెల్లకిలా పడుకుని లోపలికి చెయ్యి పెట్టాడు. నట్టు చివరి మర మీద ఉంది. వేలు తగలగానే ఊడి అరచేతిలోకి వచ్చింది. చెయ్యి బయటికి తీసి చూపించాడు. రెండో చేతి గుప్పిట విప్పితే, పిన్ను గుచ్చుకుని నెత్తురు కారుతోంది.

ఆవిడ చాలాసేపు ఆ నట్టునే చూసింది. నవ్వడానికి ప్రయత్నించింది, రాలేదు. పిట్టగోడ మీద కూలబడింది. నర్సు పక్కన కూర్చుని భుజం పట్టుకుంది. పెళ్ళయ్యాక మొదటిసారి, భార్య చేతులు వణకడం మెట్లాయన చూశాడు. అది చూశాక ఆయనకు ఇంకా భయం వేసింది.

పెద్ద పానాతో బిగించాడు. పిన్ను దూర్చి కాళ్ళు వంచాడు. కుడివైపు కూడా చూశాడు. లేచి, మట్టి దులుపుకుని, భార్యవైపు చూసి నిలబడ్డాడు.

"మళ్ళీ చూడండి," అంది ఆవిడ మెల్లగా.

క్లాసు సంగతి స్కూలుకు ఫోనులో చెప్పి, కారును నెమ్మదిగా దించుకుంటూ ఇంటికి వచ్చేసరికి పొద్దు వాలుతోంది. అత్తగారు వాకిట్లోనే, ఆయన పని చేసిన చోటే, నేలమీద కూర్చుని ఉంది. జుట్టంతా విరబోసుకుని ఉంది. కూతుర్ని చూడగానే లేవబోయి లేవలేకపోయింది. కూతురు వెళ్ళి గట్టిగా పట్టుకుంది. ఆవిడ ఆ పట్టులోంచే చెయ్యి చాపి స్టీలు కంచం అల్లుడివైపు జరిపింది. ఇంట్లో, పెట్టెలో, తలలో ఉన్న పిన్నులన్నీ తీసి అప్పటికే అందులో పోసి ఉంచింది.

"ఇందులో మీవి ఇంకేమున్నాయో చూసుకోండి బాబూ. నా కళ్ళకు తేడా తెలీదు."

అన్నీ తలపిన్నులేనని ఆయనకు చూడగానే తెలిసింది. ఆ మాట చెప్పబోయి ఆగాడు. ఆవిడ ఎదురుగా నేలమీద కూర్చున్నాడు. ఒక్కొక్క పిన్నూ తీసి వెలుతురుకు పట్టి చూసి, "ఇది మీదే అత్తయ్యగారూ," అంటూ ఆవిడ చేతిలో పెట్టాడు. కంచం ఖాళీ అయింది. అప్పుడు ఆవిడ చేతిలోంచి అన్నీ తిరిగి తీసుకుని మళ్ళీ మొదటినుంచి చూశాడు.

ఎవరూ నవ్వలేదు.