ఓబెత్ ఊరందరికీ పెట్టిన కొమ్ములు

మా ఓబెత్ తందిరెరుంగ్ జీవితంలో విమానం ఎక్కలేదు. విమానం మాట అటుంచండి, బస్సెక్కితేనే మూడో మలుపు దగ్గర కిటికీలోంచి తల బయట పెట్టే మనిషి. అలాంటివాడికి మా తొరాజా కొండల్లోని పట్నం రాంతెపావ్‌లో బస్సు టికెట్లు అమ్మే ఉద్యోగం దొరికింది. పద్దెనిమిదేళ్లుగా జనాన్ని పెద్ద నగరం మకస్సార్‌కి పంపిస్తూనే ఉన్నాడు, తను మాత్రం ఒక్కసారీ వెళ్లలేదు. వాడి కౌంటర్‌ని ఆనుకునే నా కాఫీ కొట్టు. మధ్యలో ఒక చెక్క గోడ, ఆ గోడకి ఒక కంత. అందులోంచి గ్లాసులు అటు వెళ్తాయి, కబుర్లు ఇటు వస్తాయి. కాబట్టి వాడి గురించి నాకు తెలిసినంత వాళ్లమ్మకి కూడా తెలియదు.

పొద్దుటి బస్సు వెళ్లిపోయాక వాడు కంప్యూటర్లో విమానం నడుపుతాడు. ఆట అంటే ఊరుకోడు. "సిమ్యులేటర్ అక్కా, ఆట కాదు" అంటాడు. ముప్పై ఎనిమిదేళ్ల మనిషి నోటితో ఇంజను చప్పుడు చేస్తుంటే దాన్ని ఆట కాక ఇంకేమంటారో నాకు తెలియదు. అయితే మొదటిసారి చూపించినప్పుడు మాత్రం నాకూ ఒళ్లు మండింది. అందులో ప్రపంచం మొత్తం ఉందట. మా తొరాజా కూడా ఉంది, కానీ అది మా తొరాజా కాదు. నిలువునా కోసినట్టుండే మా సున్నపురాతి కొండలు దుప్పటి కప్పినట్టు మెత్తగా, గుండ్రంగా ఉన్నాయి. మెట్లు మెట్లుగా దిగాల్సిన మడుల చోట ఒక పచ్చ మరక. చెట్లన్నీ ఏవో మంచు దేశాల సూదుల్లాంటి ఆకుల చెట్లు. ఇళ్లకి ఎర్ర పెంకులు, పైన పొగ గొట్టాలు.

"నదిని చూడక్కా! సాదాన్ నది కొండెక్కుతోంది!" అని ఓబెత్ దాదాపు ఏడ్చాడు.

"ఎక్కనీరా. దానికేం, నీలాగా కళ్లు తిరగవు కదా" అన్నాను.

ఆ యంత్రం నేలని తొంభై మీటర్లకి ఒకచోట కొలిచి, మధ్యలో ఉన్నదంతా ఊహించుకుంటుందని వాడు చెప్పాడు. మా దగ్గర తొంభై మీటర్లంటే రెండు ఇళ్లు, ఆరు మడులు, ఒక లోయ, ఆ లోయ హద్దు గురించి ఒక పాత తగాదా. అవన్నీ ఊహించుకోవడం ఎవడి తరం? ఆ రోజు నుంచి మూడేళ్లు వాడు మా లోయని ఆ కంప్యూటర్లో ముక్క ముక్కగా మళ్లీ కడుతూ కూర్చున్నాడు.

వాడి పద్ధతి చూసి తీరాలి. బస్సు డ్రైవర్లంతా వాడి గూఢచారులు. ఏ మలుపులో వెదురు గుబురు ఉంది, ఏ రేకు కప్పుకి తుప్పు పట్టింది, అన్నీ ఫోన్లో ఫొటో తీసి తెచ్చేవారు. టికెట్టు కొనడానికి వచ్చినవాళ్లనీ వదిలేవాడు కాదు.

"మీ మడిలో చేపల గుంట మధ్యలో ఉంటుందా, గట్టు పక్కనా?"

"నువ్వు టికెట్టు ఇస్తావా, నా మడి కొంటావా?" అని అరిచేవాళ్లు జనం. జవాబు చెప్పినవాళ్లకి కిటికీ పక్క సీటు. తిట్టినవాళ్లకి వెనక చక్రం మీద సీటు. మూడు నెలల్లో అందరూ బుద్ధిగా జవాబులు చెప్పడం నేర్చుకున్నారు.

ఊళ్లలోకెల్లా బుంతు రందాన్ మీద వాడు ప్రాణం పెట్టాడు. పట్నం పక్కనే ఉన్న అది వాడి ఊరు, నా ఊరు కూడా. అక్కడి తోంకోనాన్‌లు, అంటే మా వంశాల పాత ఇళ్లు, ఎనభై ఆరు. రెండు కొసలూ పైకి లేచిన కప్పుతో ప్రతి ఇంటినీ ఉత్తర ముఖంగా నిలబెట్టాడు, ఎదురుగా ధాన్యపు గాదెలు. ఒక్క ఇల్లు కూడా వంకర లేదు. పని పూర్తయ్యాక ఇంటర్నెట్లో పెడితే, మా పేరు పలకడం కూడా రాని దేశాలవాళ్లు ఇంతకంటే నిజమైన కొండలు చూడలేదని రాశారు. వారం రోజులు వాడు నేల మీద నడవలేదు.

కానీ వాడికి కావాల్సిన మెప్పు వేరే మనిషిది. మా ఊరి బడిలో లెక్కలు చెప్పే లిన్సే, ఓబెత్ తొమ్మిదేళ్లుగా ఒకరినొకరు కోరుకుంటున్నారు. లిన్సే వాళ్ల నాన్న ఒప్పుకోడు. ఆయన్ని అంబే లిన్సే అంటాం, లిన్సే తండ్రి అని. బిడ్డ పుట్టాక మాలో అసలు పేరు ఎవరికీ గుర్తుండదు. ఆయన ఇంటి గోడల మీద చెక్కుడు పని చేసే పెద్ద పనివాడు, ఊళ్లో అన్నిటికంటే పెద్ద తోంకోనాన్‌కి యజమాని. "వాడికి కాళ్ల కింద నేల తెలీదు, గాల్లో బతుకుతాడు. అట్లాంటివాడికి పిల్లనెలా ఇస్తాను?" అనేవాడు. లిన్సే పట్టు వదల్లేదు. చివరికి ముసలాయన ఒక మాటకి దిగాడు. "సరే, వాడు కట్టిన ఊరు నాకు చూపించమను. తప్పు లేకపోతే పెళ్లి మాట మాట్లాడదాం."

ఆదివారం చర్చి అయ్యాక ఊరు ఊరంతా బస్సు ఆఫీసులోకి దూరింది. నేను నువ్వులద్దిన బెల్లం అప్పాలు పెద్ద డబ్బా నిండా తెచ్చాను. ఓబెత్ తెర వెలిగించాడు. విమానం కొండ చాటు నుంచి లోయలోకి తిరగ్గానే అంబే లిన్సే బెంచీని రెండు చేతులా పట్టుకున్నాడు.

"అదిగో నా మడి!" అని ఎవరో అరిచారు.

"నీది కాదు, అది మా మామది!"

"గట్టు దాటి నాటావుగా, అందుకే నీదనిపిస్తోంది!"

కొండ చరియ చూసి ముసలాయన తల ఊపాడు. వెదురు చూసి ఊపాడు. ఇళ్లన్నీ ఉత్తరం చూస్తున్నాయని గమనించి, "ఊఁ" అన్నాడు. ఆయన నోట ఊఁ అంటే మామూలు సంగతి కాదు. లిన్సే నా చెయ్యి గట్టిగా నొక్కింది. ఇక నేను పెళ్లి వంట గురించే ఆలోచిస్తున్నాను.

అప్పుడాయన, "దించు. పైనుంచి చూడ్డానికి నేనేమైనా గద్దనా? నన్ను నా ఇంటి ముందు నిలబెట్టు" అన్నాడు.

ఓబెత్ విమానం వదిలేసి, మనిషి నడిచినట్టు కదిలే చూపులోకి మార్చాడు. అంబే లిన్సే ఇల్లు తెర నిండా వచ్చింది. ముందు స్తంభానికి దున్నపోతు కొమ్ములు, జత మీద జత. ముసలాయన వేలు పెట్టి ఎంచాడు. ఇరవై నాలుగు. సరిగ్గా ఉంది.

"పక్కింటికి పద."

పక్కిల్లు అంబే సుల్లేది. అక్కడా ఇరవై నాలుగు జతలే. ఆ పక్కింట్లోనూ ఇరవై నాలుగు. వీధి చివరి దాకా వెళ్లారు, ఎనభై ఆరు ఇళ్లకీ ఇరవై నాలుగే. నా ఇంటికి కూడా! మా ఇంటికున్నవి ఆరు. నిజం చెప్పొద్దూ, తెర మీద నా ఇల్లు చూసి నాకు లోపల్లోపల భలే సంతోషమేసింది.

జరిగిందేమిటంటే, ఓబెత్ అందరికంటే అందమైన ఇంటిని, అంటే అంబే లిన్సే ఇంటిని, ఒక్కసారి శ్రద్ధగా తయారుచేసి, దాన్నే ఎనభై ఆరు చోట్ల అచ్చు గుద్దాడు. ఆ ప్రోగ్రాంలో అందరూ చేసే పనే అది. పైనుంచి ఎగిరేవాడికి కప్పులే కనపడతాయి గాని కొమ్ములు కనపడవు. మూడేళ్లలో వాడు తెర మీది తన ఊళ్లో ఒక్కసారి కూడా దిగి నడవలేదు.

"కొమ్ముల జత ఒక్కోటీ ఇంట్లో చావుకి కోసిన ఒక్కో దున్నరా" అన్నాడు ముసలాయన. గొంతు పెద్దది కాలేదు, దానికే భయమేసింది. "మా తాత పోయినప్పుడు తొమ్మిది దున్నల్ని కోశాం. మా అమ్మకి ఏడు. ఆ చావుల్ని ఊరందరికీ సంతర్పణలా పంచేశావా?"

"అంబే, అది యంత్రం..."

"చెప్పాగా, వీడికి నేల తెలీదని." ఆయన లేచి వెళ్లిపోయాడు.

అంబే సుల్లే మాత్రం వెనక నుంచి, "మాది అలాగే ఉంచెయ్ బాబూ, బాగుంది" అన్నాడు.

"నీకు కొమ్ములు మొలిచాయిలే, ఇక కూర్చో" అని వాళ్లావిడ చొక్కా పట్టుకుని లాగింది.

రెండు రోజులు కంతలోంచి కబుర్లు రాలేదు. పంపిన కాఫీ పంపినట్టే తిరిగొచ్చింది. నాకు జాలీ వేసింది, కోపమూ వచ్చింది. మూడోరోజు బడి వదిలాక లిన్సే వచ్చి కౌంటర్ ముందు నిలబడింది.

"ఎన్ని ఇళ్లు?"

"ఎనభై ఆరు."

"ఆదివారానికి ఆరు చూస్తే పదిహేను ఆదివారాలు. చెప్పులు గట్టివి కొనుక్కో."

అలా మొదలైంది. ఏ బండెక్కినా కక్కేస్తాడు కాబట్టి ఓబెత్ బస్సు ఆఫీసు నుంచి ఊరికి నడిచే వెళ్లేవాడు, లిన్సే పుస్తకం పట్టుకుని పక్కన. కొమ్ములు లేని ఉత్త ఇంటిని మళ్లీ తయారుచేసి, కొమ్ముల జతల్ని విడిగా ఏ ఇంటివి ఆ ఇంటికి పేర్చాలని వాడి ఆలోచన. ఇంటింటికీ వెళ్లి ఎంచాలి. ఎంచడం అంత సులువా? మా ఊళ్లో ఎవరూ ఎవరినీ ఉత్త చేతులతో పంపరు. కాఫీ తాగాలి, వెదురులో కాల్చిన పంది మాంసం తినాలి, ఆ తర్వాత ఏ జత ఎవరు పోయినప్పటిదో కూర్చుని వినాలి. తొంభై ఏళ్ల ముసలమ్మ ఒకావిడ కింది జత నుంచి పై జత దాకా ఒక్కొక్కరి పేరూ చెప్పి, ప్రతి పేరు దగ్గరా నవ్వింది. "ఈయన నా మొగుడు. బతికున్నప్పుడు ఒక్క పూటా పొయ్యిలోకి కట్టె తెచ్చి ఇవ్వలేదు. అయినా పోయాక నాలుగు దున్నలు తిన్నాడు!" లిన్సే ఆ పేర్లన్నీ రాసుకుంది.

అబద్ధాలు కూడా విన్నారు. ఒకరు గాలికి రెండు జతలు పడిపోయాయన్నారు, ఇంకొకరు కుక్క ఎత్తుకెళ్లిందన్నారు. నేనూ తక్కువ తినలేదు. "మావి తొమ్మిది" అన్నాను, మొహం అటు తిప్పుకుని.

"ఆరే అక్కా. నువ్వు కొట్లో ఉన్నప్పుడు వెళ్లి ఎంచాను."

సిగ్గేసింది. వాడి మీద కోపం రావాలి కదా, గౌరవం వచ్చింది. అదే నాకు ఇంకా చికాకు.

పదిహేను అనుకున్నది పంతొమ్మిది ఆదివారాలైంది. మళ్లీ అందరం బస్సు ఆఫీసులో కూడాం. ఈసారి అంబే లిన్సే వస్తాడో రాడో అని లిన్సే గుమ్మంలోనే నిలబడింది. వచ్చాడు. విమానం అక్కర్లేదన్నాడు. తెర మీద ఊళ్లో వీధి వెంట నడిపించమన్నాడు. అంబే సుల్లే ఇంటి దగ్గర పదకొండు, ఆ పక్కింటికి మూడు, నా ఇంటికి ఆరు. ఎవరి ఇల్లు వచ్చినప్పుడు వాళ్లు తలెత్తి చూసుకుని ఊరుకుంటున్నారు. ఒక్క తప్పు కూడా ఎవరికీ దొరకలేదు.

"నీ ఇల్లేది?" అన్నాడు ముసలాయన.

ఓబెత్ వాళ్లది తోంకోనాన్ కాదు. ఊరి చివర చెక్క ఇల్లు, రేకు కప్పు. మాలో ఇలాంటి మాట పదిమందిలో అడగరు, అడిగితే ఎదుటివాడి తాహతు ఎత్తిచూపినట్టే. వాడు వీధి చివరికి నడిపించాడు. అతుకుల రేకు, ముందు నీలం రంగు నీళ్ల పీపా, గుమ్మం పక్కన ఉత్త గుంజ. ఉన్నది ఉన్నట్టు పెట్టాడు. గుంజ మీద ఏమీ లేదు.

"కొమ్ములు లేవేం?"

"నాన్న పోయినప్పుడు దున్న కోసే తాహతు లేదంబే. రెండు పందుల్ని కోశాం."

"నీ చేతిలో పనేగా. ఒక జత పెట్టుకుంటే ఎవడడిగేవాడు?"

"మీరు అడిగేవాళ్లు" అన్నాడు ఓబెత్.

ముసలాయన గడ్డం గోక్కుంటూ ఆ ఉత్త గుంజ వంకే చూశాడు. తర్వాత, "నా ఇంటికి పద. అక్కడొక తప్పుంది" అన్నాడు.

ఓబెత్ పుస్తకం తిరగేస్తున్నాడు. "ఇరవై నాలుగే అంబే, రెండుసార్లు ఎంచాను. లిన్సే కూడా ఎంచింది."

"ఎంచితే ఇరవై నాలుగే. అన్నిటికంటే పైనున్న జత మాత్రం సంతలో కొన్నది. ఇరవై మూడు బేసి సంఖ్య, చూడ్డానికి బాగోలేదని మా నాన్న కొని తగిలించాడు. నాకూ మా నాన్నకీ తప్ప ఎవరికీ తెలీదు." ఆయన తెర మీద ఆ జతని వేలితో చూపించాడు. "తీసెయ్."

ముందు అంబే సుల్లే నవ్వడం మొదలుపెట్టాడు, ఇక ఎవరమూ ఆపుకోలేకపోయాం. ముసలాయన కూడా నవ్వాడు, చెవులు ఎర్రబడిపోయి. ఓబెత్ మీట నొక్కాడు. తెర మీద పై జత మాయమైంది.

మర్నాడు తెల్లారగానే అంబే లిన్సే ఓబెత్‌ని కబురంపి పిలిపించుకున్నాడు. నేనూ వెనకే వెళ్లాను, వెళ్లకుండా ఎలా ఉంటాను? ముందు స్తంభానికి పొడుగాటి వెదురు నిచ్చెన ఆనించి ఉంది. ఆయన అప్పటికే సగం ఎక్కి ఉన్నాడు, చేతిలో కత్తి, పైన తెంపాల్సిన ఆ ఒక్క జత.

"ఊరికే నిలబడ్డావేం? గట్టిగా పట్టుకో అల్లుడూ" అన్నాడు.