తెర ముందు బంతిపువ్వు

బొమ్మల సినిమా చూసి ఎప్పుడైనా ఏడ్చావా అమ్మమ్మా అని అడిగావు కదూ చిన్నీ? ఏడ్చాను, ఒక్కసారే. డెబ్బైల్లో, అక్కను చూడటానికి కర్నూలు నుంచి విశాఖపట్నం వెళ్లినప్పుడు.

ఇనుప ఖనిజం కోసం వచ్చిన జపాన్ ఓడవాళ్లు పోర్టు దగ్గర హాల్లో ఆ సినిమా వేశారు. అక్కకూ నాకూ మధ్య కూర్చున్నది నూకాలు. యారాడ నుంచి అక్కవాళ్ల వీధికి చేపలు తెచ్చి అమ్మేది. సముద్రం మీద వేటకెళ్లిన ఆమె మొగుడు రోజులు గడిచినా ఇంకా ఒడ్డుకు రాలేదట.

తెర మీద పాతకాలపు జపాన్. రాజుగారి కోసం ముత్యం తేవడానికి ఒక జాలరి పడవెక్కాడు. భాష రాకపోయినా కథ తెలుస్తూనే ఉంది. చేత్తో గీసిన అలలు ఎంత నిజంగా లేచాయో! నా చీర తడిసిందేమోనని తడుముకున్నాను. ఆ అలల్లోంచి ఒక దేవత పైకొచ్చింది, జుట్టంతా నురగే.

నూకాలు చటుక్కున లేచింది.

"కూర్చో నూకాలూ, బొమ్మే కదా!" అంది అక్క.

"బొమ్మయితే ఏటమ్మా? గంగమ్మతల్లే కదా!" అంటూ కొప్పులోని బంతిపువ్వు తీసి తెర ముందు పెట్టింది. హాల్లో నవ్వారు. సినిమా ఆడిస్తున్న ముసలి నావికుడు మాత్రం నవ్వలేదు. లేచి వచ్చి, ఆ పువ్వు ముందు నడుం వంచి దణ్ణం పెట్టాడు. నాకు ఏడుపొచ్చింది అప్పుడే.

ఇంతలో కరెంటు పోయింది. ఎంతకీ రాలేదు. జాలరి కథ సగంలోనే ఆగిపోయింది.

నూకాలు ఆయన చెయ్యి పట్టుకుంది. "ఆడు ఒడ్డుకొచ్చీసినాడా, నేదా? సెప్పు బాబూ!"

ఆయన తన భాషలో చాలాసేపు, నెమ్మదిగా చెప్పాడు. ఆమె తలూపుతూ వింది. మాకెవరికీ ముక్క అర్థం కాలేదు.

మర్నాడు నేను రైలెక్కేదాకా వీధిలో నూకాలు చేపలమ్మే కేక వినిపించలేదు. ఆ వారమే అక్కవాళ్లూ బదిలీ మీద ఊరు వదిలారు.

ఆమె మొగుడు ఒడ్డుకొచ్చాడంటావా, చిన్నీ?