రెండు ఎడమ చేతుల చొక్కా

మా వీధి మలుపులో ఉండే దర్జీ అసలు పేరు ఆయన భార్యకైనా గుర్తుందో లేదో నాకు అనుమానమే. అందరికీ ఆయన 'రేపురండి మాస్టారు'. ఎవరు ఏ గుడ్డ తెచ్చినా కాదనడు. కొలతలు తీసుకుని, టేపు మళ్ళీ మెడలో వేసుకుని, నవ్వుతూ "రేపు రండి" అంటాడు. ఒకాయన తన పెళ్ళికి కుట్టమన్న కోటు ఆయన కూతురి పెళ్ళికి అందింది. ఇందులో నేను కలిపింది చిటికెడే.

అలాంటి మనిషికి ఉన్నట్టుండి చెయ్యి వణకడం మొదలైంది. సుద్దముక్కతో తిన్నగా గీత గీద్దామంటే అది వానపాములా మెలికలు తిరిగేది. ఆ కంగారులో గుడ్డని ఎదురెదురుగా మడవకుండా పరిచి, పోస్టాఫీసు గుమస్తా చొక్కాకి రెండు చేతులూ ఎడమవే కత్తిరించాడు. కుట్టేశాడు కూడా. గుమస్తా అద్దం ముందు తొడుక్కుని, మెలిపడ్డ భుజాన్ని కాసేపు చూసుకుని, నెమ్మదిగా అడిగాడు.

"మాస్టారూ, నా కుడిచెయ్యి మీకేం అపకారం చేసిందండీ?"

సరిగ్గా ఆ వారమే మాస్టారి కూతురు బూడిదరంగు ఉన్నిగుడ్డ తెచ్చి బల్ల మీద పెట్టింది. ఇరవయ్యో తారీఖున కొత్త ఉద్యోగంలో చేరాలి. గుడ్డ ఒక్క కోటుకే సరిపోతుంది, బెత్తెడు కూడా మిగలదు. మాస్టారు దాన్ని తడిమి చూసి చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"నీ చెయ్యి కుదురుగా లేదు కదా నాన్నా. నేను రెడీమేడ్‌ది కొనుక్కుంటాలే," అంది ఆ పిల్ల, జాలిగానే.

దర్జీ కూతురు రెడీమేడ్ కోటు తొడుక్కుంటే ఇక ఆ కొట్టుకి తాళం వెయ్యడమే మిగులుతుంది. ఆయన రెండు పూటలు అన్నం ముట్టలేదు. (మూడో పూట మాత్రం ఐదుగురి తిండి తిన్నాడు.)

డాక్టరు నరాలన్నీ నొక్కి చూసి, జబ్బేమీ లేదు, టెన్షన్ తగ్గించుకోమన్నాడు. ఆ మాట చెవిన పడేసరికి మాస్టారి బావమరిది ఊడిపడ్డాడు. ఆయన అంతకుముందే మనసు బాగుచేసుకునే క్లాసులకి మూడు రోజులు వెళ్ళొచ్చాడు, ఇంకెవర్ని బాగుచేద్దామా అని చూస్తున్నాడు.

"బావా, నువ్వు నీకోసం బతకడం నేర్చుకోవాలి," అని ఇస్త్రీ బల్ల పైన గోడకి టైంటేబుల్ అంటించాడు. పొద్దున్నే నడక, తర్వాత ఊపిరి, గంటసేపు మౌనం, పడుకోబోయే ముందు డైరీ.

నడకకి వెళ్తే దారిపొడుగునా ఖాతాదారులే. "మాస్టారూ, నా ప్యాంటు?" అని ఒకరు వెంటబడితే, వాళ్ళ వెనక ఇంకో నలుగురు. వీధి చివరికొచ్చేసరికి ఊరేగింపు తయారయింది. మౌనంలో ఉండగా ఎవరైనా వస్తే ఒక వేలు చూపించేవాడు. ఒక్కరోజు ఆగమని. డైరీలో ఆ రోజు జరిగిన మంచి విషయాలు మూడు రాయమంటే 'ఎవరూ రాలేదు' అని మూడుసార్లు రాశాడు.

"అయితే మనసు మీద బరువుగా ఉన్నవి రాయి బావా," అన్నాడు బావమరిది, విసిగిపోయి.

మాస్టారు రాశాడు. పొద్దున డైరీ చూసిన భార్యకి ముప్పై ఎనిమిది మంది జాబితా కనబడింది. అందరి ఎదురుగా 'రేపు' అనే ఉంది. ముప్పై ఒకటోది సొంత కూతురు.

"ఏవండీ, రోజుకి ఎన్ని కుడతారు మీరు?"

"కష్టపడితే రెండు."

"మరి రేపటికి మీకు ఇంకో ముప్పై చేతులు మొలుస్తాయా? ఉన్న రెండూ వణక్క ఏం చేస్తాయి?"

"నిజం చెబితే గిరాకీ పోతుందే."

"పోతే పోనివ్వండి. చెయ్యి పోవడం కంటే నయం కాదూ?"

ఆవిడే వరసగా తారీఖులు వేసి కాగితం చేతిలో పెట్టింది. మొదట వచ్చింది గుమస్తాయే, ఆ చొక్కాతో. మాస్టారికి 'రేపు' అన్నమాట నోటిదాకా వచ్చేసింది. ఇరవై రెండేళ్ళ అలవాటు నాలిక మీద కూర్చునుంది మరి.

"పదకొండో తారీఖు," అన్నాడు ఎలాగో.

గుమస్తా తిట్టలేదు. జేబులోంచి చిన్న పుస్తకం తీసి రాసుకున్నాడు. "హమ్మయ్య. రోజూ ఇటొచ్చి రెండు జతల చెప్పులు అరిగాయండి నాకు," అన్నాడు.

మాస్టారు కుర్చీలో కూలబడి చాలాసేపు నవ్వాడు. ముప్పై ఎనిమిది మందిలో నలుగురే గుడ్డలు వెనక్కి తీసుకెళ్ళారు. మిగతావాళ్ళు తారీఖు రాసుకుని ఇంటికి పోయారు. అప్పటినుంచి పొద్దున నడకలో ఎవరూ వెంటబడడం లేదు. ఆ మనిషి చెట్లకేసి చూస్తున్నాడట, ఈల కూడా వేస్తున్నాడట. ఆ ఈల నేనూ విన్నాను, వినకపోతే బాగుండేది.

కూతురికీ తారీఖే చెప్పాడు. "నీది పదిహేడు తల్లీ. అందరిలాగే వరసలో." ఆ పిల్ల సరేనంది కానీ రెడీమేడ్ కొట్టు ఏ టైముకి మూస్తారో కనుక్కునే ఉంచింది.

ఆమె వంతు వచ్చిన రోజు మాస్టారు ఉన్నిగుడ్డని ఎదురెదురుగా మడిచి, రెండుసార్లు సరిచూసుకుని, సుద్దతో గీశాడు. గీత తాడు లాగినట్టు వచ్చింది. బావమరిది నేర్పినట్టే ఊపిరి మెల్లగా వదులుతూ కత్తెర నడిపించాడు. మందం గుడ్డ మీద కత్తెర కరకరమంటుంటే, ఈ చప్పుడు కోసమే కదా పదహారేళ్ళప్పుడు ఈ పనిలోకి వచ్చానని గుర్తొచ్చిందట. చెయ్యి ఇసుమంతైనా వణకలేదు.

నలుగురు తప్పుకోబట్టి పదిహేనో తారీఖుకే కోటు తయారైంది. కూతురు తొడుక్కుని, ముందు కుడిచెయ్యి, తర్వాత ఎడమచెయ్యి చాపి చూసుకుంది. భుజాలు ఒంటికి అంటుకున్నట్టున్నాయి. ఆమె వెంటనే తండ్రి నుదుటి మీద చెయ్యి వేసింది.

"రెండు రోజుల ముందే ఇచ్చావేంటి నాన్నా? ఒంట్లో బాగానే ఉందా?"