పన్నెండు రాశుల మేడ మీద మావయ్య కన్ను

మావయ్యకి ఉన్నది ఒక్కటే జబ్బు. ఇంకొకరు మంచి బొమ్మ గీస్తే ఆయన ఒళ్లు మండిపోతుంది.

పత్రికలో జీవితమంతా కార్టూన్లు వేసి రిటైరైనా ఆ మంట చల్లారలేదు. పక్కింటి పాప గోడ మీద బొగ్గుతో ఏనుగుని గీస్తే, అది కంటపడకుండా వారం పాటు వీధంతా చుట్టి వెనక గుమ్మంలోంచి ఇంటికొచ్చాడు. సెలూన్ అద్దం మీద ఎవరో రంగులతో నెమలిని వేస్తే సగం గడ్డంతోనే లేచి వచ్చేశాడు.

"ఎంత బాగా తిప్పాడే ఆ మెడని. వాడి దుంప తెగ," అన్నాడు అత్తయ్యతో.

"సరే, మిగతా సగం ఎవరు గీస్తారు?" అంది అత్తయ్య.

అలాంటి మనిషి ముందు మేనకోడలు కొన్ని పాత కాగితాలు తెచ్చి పెట్టింది. ఆ అమ్మాయికి అదే పత్రికలో, పాత సంచికల గదిలో ఉద్యోగం. దుమ్ము దులుపుతుంటే వారఫలాల కింద ఒక బొమ్మల కథ కనిపించింది. పన్నెండు రాశులూ ఒకే మేడలో అద్దెకుంటాయి. ఇంటి యజమాని మెట్లెక్కే చప్పుడుకి సింహం మంచం కింద దూరుతుంది. వృశ్చికం ఇంజెక్షన్లిచ్చే నర్సు. మీనాలు రెండూ భార్యాభర్తలు, ఏ గొడవొచ్చినా చెరోవైపు తిరిగి పడుకుంటాయి. గీసినవారి పేరు లేదు. అలాంటిదొకటి వచ్చేదని కూడా ఆఫీసులో ఎవరికీ గుర్తులేదు.

మావయ్య మాత్రం కళ్లజోడు లేకుండానే గుర్తుపట్టాడు.

"దీన్నెందుకు తెచ్చావే? రెండేళ్లు నాకు నిద్ర లేకుండా చేసింది."

"ఎవరు వేసేవారు మావయ్యా?"

"తెలిస్తే వెళ్లి వాడి చెయ్యి చూసొచ్చేవాణ్ణి కాదూ? ఎడిటరు గది బయట పెట్టెలో ఎవరో వేసిపోయేవాళ్లు. ఆ తేలు తోక చూడు, ఒక్క గీతలో లాగేశాడు. నేను గీస్తే రొయ్యలా వస్తుంది."

ఆ పూట ఆయనకి అన్నం సయించలేదు. తెల్లారేసరికి తనే అన్నాడు. "పేపర్లో వేయించు. వాడెవడో తేలాలి."

మేనకోడలు ఆదివారం సంచికలో ఒక బొమ్మ వేయించి, గీసినవారి ఆచూకీ చెప్పమని కింద రాసింది. మర్నాడు ఫోను మోగింది. ఒక ముసలి గొంతు తొణక్కుండా, "అవి నావేనమ్మా," అంది.

ఆవిడ ఒకప్పుడు ఆ పత్రికలోనే టెలిఫోను ఆపరేటరు. మేనకోడలు ఆవిణ్ణి మావయ్య ఇంటికి రమ్మంది. ఇన్నేళ్లూ వాడు వాడు అని తిట్టుకున్న మనిషి గొడుగు ముడుచుకుంటూ ఇంట్లోకి వస్తుంటే మావయ్య కళ్లజోడు వెతుక్కున్నాడు.

"సగం ఫోన్లు వారఫలాల మీద తగువులేనమ్మా," అందావిడ మేనకోడలితో. "ధనలాభం అన్నారు, పర్సు పోయిందని ఒకరు. ప్రయాణం అన్నారు, మెట్ల మీంచి దొర్లానని ఇంకొకరు. విని విని గీశాను. పేరు పెడితే ముందు ఫోన్లు చూసుకో అంటారని పెట్టలేదు. తర్వాత ఫోన్లు కలిపే మిషన్ వచ్చి నా పని పోయింది. ఆ తగువులు వినకపోతే బొమ్మలూ రాలేదు. అసలు మొదటి నెలలోనే ఆగిపోవాల్సింది. ఆగలేదంటే ఈయన పుణ్యమే."

"నేనేం చేశాను?" మావయ్య కిటికీ వైపు తిరిగాడు.

"చోటు చాలక రాశుల బొమ్మ తీసేస్తున్నామని, మీరు సంతోషిస్తారనుకుని ఎడిటరుగారు మీకు ఫోన్ చేశారు. కలిపింది నేనేగా. 'నా కార్టూను తీసేయండి, చెయ్యి నొప్పని చెబుదాం, అది మాత్రం ఆపకండి' అన్నారు మీరు."

అత్తయ్య చేతిలో టీ కప్పు ఆగిపోయింది. రెండేళ్లు మావయ్య చేతికి నూనె రాసింది తనే.

"ఒకరి ఫోను వినడం తప్పు కాదుటండీ," అని గొణిగాడు మావయ్య.

"ఎందుకలా చేశావు మావయ్యా?" అంది మేనకోడలు.

"అది ఆగిపోతే వారం వారం ఎవర్ని చూసి ఏడవాలే నేను?"

పత్రికవాళ్లు మళ్లీ గీయమంటున్నారని, ఈ వయసులో ఎందుకులే అనిపిస్తోందని ఆవిడ అంది. మావయ్య గబుక్కున ఇటు తిరిగాడు.

"గీయండి. ఈసారి పేరు పెట్టండి. దూరం నుంచి కూడా కనపడేలా పెట్టండి."

ఆవిణ్ణి బస్సెక్కించి వచ్చాక మేనకోడలు అడిగింది. "ఇప్పటికైనా అసూయ తీరిందా?"

"తీరడమేమిటే? ఇన్నాళ్లూ ఎవరో తెలియక గాల్లోకి ఏడ్చాను," అన్నాడు మావయ్య కుర్చీలో వెనక్కి వాలి. "ఇప్పుడు మనిషి దొరికింది. ఇంక హాయిగా ఏడుస్తాను."